అమ్మలేదు సరే, నడిపేదెవరు?

పామర్రు సెంటర్లో కలిసే దారుల్లో మూడింటిని చూడండి. ఆ మూడూ ఆసుపత్రుల దారులే. బందరు బస్సెక్కితే 2023లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల, దానికి అనుబంధంగా మారిన జిల్లా ఆసుపత్రి. బెజవాడ బస్సెక్కితే సిద్ధార్థ వైద్య కళాశాల ఆసుపత్రి, మనవాళ్లు పెద్దాసుపత్రి అనేది. గుడివాడ వైపు వెళ్లేది 165వ నంబరు జాతీయ రహదారి. కైకలూరు, ఆకివీడు, ఉండి, భీమవరం మీదుగా పాలకొల్లు పక్కన దిగమర్రు దాకా పోతుంది. ఆ దారి చివర పాలకొల్లులో రావాల్సిన ప్రభుత్వ వైద్య కళాశాల ఇప్పుడు పీపీపీ జాబితాలో ఉంది.

పీపీపీ అనే మాట వినగానే వాడలో మొదట వచ్చే ప్రశ్న ఒకటే: అమ్మేశారా?

ప్రభుత్వం లేదంటోంది. భూమి ప్రభుత్వానిదే, భవనం ప్రభుత్వానిదే, గడువు తీరాక మొత్తం వెనక్కి వస్తుంది అంటోంది. ప్రతిపక్షం అమ్మేశారనే అంటోంది. కోటి సంతకాలు సేకరించి గవర్నర్‌కు ఇచ్చింది. రెండు వైపులా వాదన అంతా 'ఆస్తి ఎవరిది' అన్న దగ్గరే ఆగిపోయింది. దళితులకు అసలు విషయం అక్కడ లేదు. ఆసుపత్రి ఎవరి పేరున ఉందన్నది ఒక సంగతి, ఎవరు నడుపుతున్నారన్నది మరో సంగతి. మన హక్కులు చాలావరకు రెండో దానికి ముడిపడి ఉన్నాయి. ఆ ముడి ఎక్కడెక్కడ ఉందో విప్పి చూపడానికే ఈ వ్యాసం.

ముందు జరిగింది ఏమిటో చూద్దాం. గత ప్రభుత్వం రాష్ట్రంలో 17 కొత్త వైద్య కళాశాలలు తలపెట్టింది. వాటిలో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల 2023లో మొదలయ్యాయి. 2025 సెప్టెంబరులో ప్రస్తుత ప్రభుత్వం మిగిలిన వాటిలో 10 కళాశాలలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టి నడపాలని నిర్ణయించి జీవో 590 ఇచ్చింది. మొదటి విడతలో ఆదోని, మదనపల్లె, మార్కాపురం, పులివెందుల. రెండో విడతలో పెనుకొండ, పాలకొల్లు, అమలాపురం, నర్సీపట్నం, బాపట్ల, పార్వతీపురం. 33 ఏళ్ల లీజు, ఆ తర్వాత మరో 33 ఏళ్లు పొడిగించుకునే వీలు. ఈ పేర్లను మరోసారి చదవండి. అమలాపురం, బాపట్ల ఎస్సీ రిజర్వుడు లోక్‌సభ స్థానాలు. అమలాపురం, పార్వతీపురం ఎస్సీ రిజర్వుడు శాసనసభ స్థానాలు. అమలాపురం ఉన్న జిల్లాకు అంబేడ్కర్ పేరు పెడితే 2022 మేలో ఊరు తగలబడింది. ఆ పేరు నిలబెట్టుకోవడానికి కొట్లాడిన వాళ్లే ఇప్పుడు ఆ పేరున్న జిల్లాలో ప్రభుత్వ కళాశాల నిలుస్తుందా అని అడగాల్సి వస్తోంది.

పామర్రుకు ఈ కథలో ఇంకో సంబంధం ఉంది. విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాలను 1980లో ఒక ప్రైవేటు అకాడమీ స్థాపించింది. 1983లో తెలుగుదేశం అధికారంలోకి వచ్చాక వైద్య, ఇంజనీరింగ్ సీట్లకు క్యాపిటేషన్ ఫీజు వసూలు చేయడాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆ దశకంలోనే సిద్ధార్థ కళాశాల ప్రభుత్వం చేతికి వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు పుట్టింది పామర్రు మండలం నిమ్మకూరులో. ప్రైవేటు కళాశాలను ప్రభుత్వం తీసుకుని నడపగలదని ఈ జిల్లాకు 40 ఏళ్ల కిందటే తెలుసు. అప్పటి ప్రభుత్వం డబ్బుల్లో మునిగి తేలుతోందేమీ కాదు. కిలో రెండు రూపాయల బియ్యానికి డబ్బెక్కడిదని అడిగిన రోజులవి. రామారావు పాలనలోనే కారంచేడు జరిగిందన్నది కూడా మనం మరిచిపోయే సంగతి కాదు, కాబట్టి ఇది పొగడ్త కాదు. కానీ ఆ నిర్ణయం వల్ల ఆ కళాశాల సీట్లకు రిజర్వేషన్ పూర్తిగా వర్తించింది. ఈ 40 ఏళ్లలో అక్కడ చదివిన దళిత డాక్టర్లలో చాలామందికి ఆ దారి అలా తెరుచుకుంది.

ఇక సీట్ల లెక్క. 150 సీట్ల కళాశాలను తీసుకుందాం. పూర్తి ప్రభుత్వ కళాశాల అయితే 15 శాతం, అంటే 23 సీట్లు, అఖిల భారత కోటాకు పోతాయి. మిగిలిన 127 సీట్లూ కన్వీనర్ కోటాలోనే భర్తీ కావాలి. వాటిలో 15 శాతం ఎస్సీలకు, అంటే 19. అఖిల భారత కోటాలోనూ ఎస్సీలకు 15 శాతం ఉంది, మరో మూడు. మొత్తం 22. ఇదే కళాశాలలో ప్రైవేటు పద్ధతిలో సగం సీట్లే కన్వీనర్ కోటాకు వదిలితే 75కు 15 శాతం, అంటే 11. మిగతా సగం యాజమాన్య, ఎన్ఆర్ఐ కోటాలు. వాటికి రిజర్వేషన్ లేదు. భవనం అదే, ఊరు అదే, బోర్డు మీద అక్షరాలు కూడా అవే ఉండొచ్చు. మన పిల్లల సీట్లు మాత్రం సగమవుతాయి.

2025 ఏప్రిల్‌లో రాష్ట్రంలో ఎస్సీ వర్గీకరణ ఆర్డినెన్స్ వచ్చింది. రెల్లి, దాని ఉపకులాలకు 1 శాతం, మాదిగ వర్గానికి 6.5, మాల వర్గానికి 7.5. వర్గీకరణ కోసం మాదిగ దండోరా మూడు దశాబ్దాలు పోరాడింది. ఆ పోరాట ఫలితం అందే వేళకు పంచాల్సిన సీట్లే తగ్గిపోతున్నాయి. 127లో 1 శాతం అంటే ఒక సీటు, పైన కాస్త. 75లో 1 శాతం అంటే ముప్పావు సీటు. సీట్లను ఒక్కో కళాశాలకు విడిగా కాక మొత్తం మీద లెక్కిస్తారు కనుక ఆ ముప్పావు ఎక్కడో ఒకచోట కలిసి ఒకటవుతుంది, నిజమే. అయినా సగం సగమే. మాల, మాదిగ వాదనలో ఏ పక్షాన ఉన్నవారైనా ఈ లెక్క దగ్గర ఒకే పక్షాన ఉండాలని నా అభిప్రాయం.

ఇక్కడ ప్రతిపక్షాన్ని కూడా ఒక మాట అడగాలి. 2023 జులైలో వచ్చిన 107, 108 జీవోలు గుర్తున్నాయా? కొత్తగా తెరిచిన ఐదు ప్రభుత్వ కళాశాలల్లోనే సీట్లను మూడు ముక్కలు చేశారు. మొదటి ముక్కకు ఏడాదికి 15 వేల ఫీజు. సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకు 12 లక్షలు. ఎన్ఆర్ఐ సీటుకు 20 లక్షలు. ఐదు కళాశాలల 750 సీట్లలో అఖిల భారత కోటా 113 పోగా, 15 వేల ఫీజుకు దొరికేవి 319. మిగతా 318 డబ్బున్నవాళ్లకు. ఆ 637 సీట్లూ మామూలు సీట్లే అయి ఉంటే ఎస్సీ వాటా 95 దాకా ఉండేది. 319 మీద లెక్కేస్తే 48. పీపీపీ అనే మాట లేకుండానే, ప్రైవేటు కంపెనీ అడుగు పెట్టకుండానే, సగం పోయింది. అప్పుడు ఆ జీవోలు రద్దు చేస్తామన్నది తెలుగుదేశం. అందుకే నేను ఈ గొడవను పార్టీల గొడవగా చూడను. బందరు కళాశాల పూర్తిగా ప్రభుత్వానిదే. ఆస్తి ప్రభుత్వానిదైతే చాలదని చెప్పడానికి అంతకంటే దగ్గర ఉదాహరణ పామర్రు వాళ్లకు అక్కర్లేదు.

ఉద్యోగాల సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. రాజ్యాంగం 16(4) అధికరణ రిజర్వేషన్ ఇచ్చింది రాజ్యం కింద ఉండే ఉద్యోగాలకు. నడిపేది కంపెనీ అయితే, జీతం కంపెనీ ఇస్తే, రోస్టర్ ఉండదు. చదువు విషయంలో 2005లో ఇనాందార్ తీర్పు తర్వాత పార్లమెంటు 93వ సవరణ తెచ్చి 15(5) అధికరణ చేర్చింది కాబట్టి ప్రైవేటు కళాశాలల్లో సీట్లకైనా ఓ దారి ఉంది. ఉద్యోగాలకు అలాంటి సవరణ ఇప్పటికీ లేదు. 605 పడకల ఆసుపత్రి ఉంటే తప్ప 150 సీట్లు ఇవ్వకూడదన్నది జాతీయ వైద్య కమిషన్ ప్రమాణం. 605 పడకలంటే ఎన్ని వందల మంది నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఫార్మసిస్టులు, క్లర్కులు! జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ చదివి ప్రభుత్వ నోటిఫికేషన్ కోసం కాచుకుని ఉన్న ఆడపిల్లలు మన ప్రతి వాడలోనూ ఉన్నారు. వాళ్లలో చాలామందికి అది కుటుంబంలో మొదటి ప్రభుత్వ ఉద్యోగం అయ్యేది. ఊడ్చే, కడిగే పనిని మాత్రం ఎప్పుడో ఏజెన్సీలకు ఇచ్చేశారు. ఆ పనిలో ఉన్నది ఎవరో చెప్పనక్కర్లేదు. ఆసుపత్రుల ప్రైవేటీకరణ మొదలైంది ఆపరేషన్ థియేటర్ దగ్గర కాదు, చీపురు దగ్గర. అప్పుడు పెద్దగా ఎవరూ మాట్లాడలేదు.

మంచాల విషయానికొస్తే, 70 శాతం పడకలు ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఉచితమని ప్రభుత్వం చెబుతోంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం అంటే బిల్లు ఉండదు. ప్రైవేటు నిర్వహణలో ఉచితం అంటే బిల్లు ఉంటుంది, దాన్ని మరొకరు కడతారు. ఆ మరొకరు సమయానికి కట్టకపోతే ఏమవుతుందో 2025 అక్టోబరులో చూశాం. రూ.2,700 కోట్ల బకాయిలు రావాలంటూ రాష్ట్రంలోని ప్రైవేటు స్పెషాలిటీ ఆసుపత్రుల సంఘం వైద్య సేవ కింద చికిత్సలు ఆపేసింది. ప్రభుత్వాసుపత్రిలో మందులు లేకపోవచ్చు, డాక్టర్ రాకపోవచ్చు, మంచానికి ఇద్దరిని పడుకోబెట్టొచ్చు. ఇవన్నీ మనం అనుభవిస్తున్నవే. కానీ ప్రభుత్వం డబ్బివ్వలేదని గేటు మూయదు.

ఈ ఆలోచన అమరావతిలో పుట్టింది కాదు. 2020 జనవరిలో నీతి ఆయోగ్ జిల్లా ఆసుపత్రులను ప్రైవేటు వైద్య కళాశాలలతో ముడిపెట్టే నమూనా ఒప్పందం తెచ్చింది. 60 ఏళ్ల గడువు. పడకల్లో సగం 'మార్కెట్ పడకలు', మిగతావి 'నియంత్రిత పడకలు'. అంతకు ముందే చిత్తూరులో జిల్లా ప్రధాన ఆసుపత్రిని బోధనాసుపత్రిగా చూపించి అపోలో వైద్య కళాశాల 2016లో మొదలైంది. గుజరాత్‌లోని భుజ్‌లో, 2001 భూకంపం తర్వాత ప్రజల డబ్బుతో తిరిగి కట్టిన జీకే జనరల్ ఆసుపత్రిని 2009లో అదానీ సంస్థకు 99 ఏళ్ల లీజుకు ఇచ్చారు. అక్కడ ఐదేళ్లలో 1,018 మంది పిల్లలు చనిపోయారని 2019 ఫిబ్రవరిలో గుజరాత్ ప్రభుత్వమే శాసనసభలో చెప్పింది. నిర్లక్ష్యం లేదని, నెలలు నిండకుండా పుట్టడం వంటివే కారణమని కూడా ప్రభుత్వం చెప్పింది. అది నిజమే కావచ్చు. లీజుకిచ్చిన చోట పర్యవేక్షణ ఎవరిదన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉందన్నది గమనించండి.

ఇక అసలు విషయానికి వస్తాను. దీని గురించి ఈ చర్చలో ఎవరూ మాట్లాడటం లేదు.

మనకు ప్రభుత్వాసుపత్రి జబ్బు నయం చేసే చోటు మాత్రమే కాదు, సాక్ష్యం తయారయ్యే చోటు కూడా. తలకాయ పగిలిందని పోలీస్ స్టేషన్‌కు వెళితే ముందు ఆసుపత్రికి పంపుతారు. అక్కడ డాక్టర్ రాసే గాయాల సర్టిఫికెట్‌లో 'సాధారణం' అని ఉంటే ఒక సెక్షన్, 'తీవ్రం' అని ఉంటే మరో సెక్షన్. అట్రాసిటీ కేసులు పట్టుకుని తిరిగిన ప్రతి కార్యకర్తకూ ఆ ఒక్క మాట విలువ తెలుసు. 1995 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నియమాలు, 2016 సవరణ తర్వాత, బాధితులకిచ్చే పరిహారాన్ని దశలుగా విడగొట్టాయి. హత్య కేసులో 8 లక్షల 25 వేలలో సగం పోస్టుమార్టం అయ్యాక. లైంగిక దాడి కేసులో 5 లక్షల్లో సగం వైద్య పరీక్ష, దాన్ని ధ్రువీకరించే నివేదిక వచ్చాక. అంటే డాక్టర్ కాగితం రాకపోతే మొదటి రూపాయి కదలదు.

ఇప్పుడు చట్టం మాటలు జాగ్రత్తగా చదవాలి. లైంగిక దాడికి గురైన స్త్రీకి వైద్య పరీక్ష ఎవరు చేయాలో పాత సీఆర్‌పీసీ 164ఏ చెప్పింది, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 184వ సెక్షన్ చెబుతోంది. ప్రభుత్వం లేదా స్థానిక సంస్థ 'నడిపే' ఆసుపత్రిలో పనిచేసే డాక్టర్ చేయాలి. అలాంటి డాక్టర్ లేనప్పుడే మరో రిజిస్టర్డ్ డాక్టర్. చట్టం 'ప్రభుత్వానికి చెందిన ఆసుపత్రి' అనలేదు, 'ప్రభుత్వం నడిపే ఆసుపత్రి' అంది. లీజుకిచ్చిన ఆసుపత్రి ఎవరిదని అడిగితే ప్రభుత్వానిదే అంటారు. ఎవరు నడుపుతున్నారని అడిగితే? పోస్టుమార్టం విషయంలోనూ దగ్గరలోని సివిల్ సర్జన్ దగ్గరికి గానీ, ప్రభుత్వం అందుకోసం నియమించిన డాక్టర్ దగ్గరికి గానీ శవాన్ని పంపాలి. ప్రైవేటు ఉద్యోగిని ప్రభుత్వం నియమించకూడదని కాదు, నియమించొచ్చు. కానీ ఆ డాక్టర్‌ను బదిలీ చేసేది, సస్పెండ్ చేసేది, వివరణ అడిగేది ఎవరు?

డెల్టాలో పుట్టినవాళ్లకు ఈ ప్రశ్న ఎందుకొస్తుందో విడమర్చి చెప్పాలా? ఇక్కడ భూమి ఏ కులాల చేతుల్లో ఉందో, రైసు మిల్లులు, చేపల చెరువులు, సినిమా హాళ్లు, కార్పొరేట్ కళాశాలలు, ఆసుపత్రులు కూడా ఎక్కువగా ఆ కులాల చేతుల్లోనే ఉన్నాయి. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురిని చంపినప్పుడు బతికినవాళ్లు చీరాల చేరారు. 1991 ఆగస్టు 6న చుండూరులో చంపి తుంగభద్ర కాలువలో పడేసిన శవాలకు పోస్టుమార్టం చేసింది ప్రభుత్వ డాక్టర్లు. 2017లో భీమవరం పక్కన గరగపర్రులో, అంబేడ్కర్ విగ్రహం గొడవతో దళితులను ఊరు మొత్తం బహిష్కరించింది. పని ఇవ్వొద్దన్నారు. ఊరు ఊరంతా తలుపు మూసిన రోజున, మూయడానికి అధికారం లేని తలుపు ఒకటి ఉండాలి. ప్రభుత్వ డాక్టర్లంతా మనవైపే నిలబడ్డారని నేననడం లేదు. ఎన్ని సర్టిఫికెట్లు తారుమారయ్యాయో మనకు తెలుసు. అయితే తారుమారు చేసిన ప్రభుత్వ డాక్టర్ మీద కలెక్టర్‌కు ఫిర్యాదు చేయొచ్చు, సమాచార హక్కు కింద రికార్డు అడగొచ్చు. ఎస్సీ, ఎస్టీ చట్టం 4వ సెక్షన్ విధి నిర్వహణలో కావాలని నిర్లక్ష్యం చేసిన ప్రభుత్వ ఉద్యోగికి శిక్ష పెట్టింది. ఆ సెక్షన్ కూడా 'ప్రభుత్వ ఉద్యోగి' అనే మాట మీదే నిలబడి ఉంది. కంపెనీ జీతం తీసుకునే డాక్టర్ ఆ నిర్వచనంలోకి వస్తాడా రాడా అన్న వాదన తేలేసరికి బాధితులకు పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

సమాచార హక్కు గురించి కూడా ఒక మాట. ఆ చట్టంలో 'ప్రభుత్వ అధికార సంస్థ' అంటే ప్రభుత్వం సొంతదారుగా ఉన్నది, నియంత్రించేది, లేదా గణనీయంగా డబ్బిచ్చేది. 2013లో కేరళలోని తలప్పళం సహకార బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు 'నియంత్రణ', 'గణనీయం' అన్న మాటలకు అర్థం బాగా బిగించింది. భూమి లీజుకిచ్చినంత మాత్రాన కంపెనీ అందులోకి వస్తుందని ముందే ధీమాగా ఉండలేం.

సరే, ఇంత పెద్ద నిర్ణయం మీద ఊళ్లో ఎవరైనా చేయి ఎత్తి ఓటేశారా?

ఇక్కడ కాస్త దూరం వెళ్లొద్దాం. మన దగ్గర 'నర్సింగ్ హోమ్' అంటే ప్రైవేటు డాక్టర్ పెట్టుకున్న చిన్న ఆసుపత్రి. గవర్నరుపేట నిండా అవే బోర్డులు ఉండేవి. ప్రభుత్వ నర్సింగ్ హోమ్ అంటే మనకు నవ్వొస్తుంది. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. మంచం దిగలేని ముసలివాళ్లను చూసుకునే చోటు అది. అక్కడ చాలా కౌంటీలు, అంటే మన జిల్లా పరిషత్తు లాంటివి, బీదల కోసం వాటిని తామే నడిపాయి. ఖర్చు భరించలేమంటూ ఒక్కొక్కటే అమ్ముతున్నాయి. విస్కాన్సిన్ రాష్ట్రంలోని సాక్, లింకన్ కౌంటీల్లో ఇటీవల ఈ గొడవ పెద్దదైంది. కొనేవాళ్లు ఎలా నడుపుతారన్న భయం ఊరికే రాలేదు. పెట్టుబడి సంస్థలు కొన్న నర్సింగ్ హోముల్లో చేరిన వృద్ధుల మరణాలు సుమారు 10 శాతం పెరిగాయని 2021లో వెలువడిన ఆర్థికవేత్తల అధ్యయనం ఒకటి తేల్చింది. ఆ అధ్యయనం కౌంటీలు అమ్మిన వాటి గురించి ప్రత్యేకంగా కాదు గానీ, లాభం కోసం కొన్నప్పుడు ఏం తగ్గుతుందో అది చూపించింది: నర్సుల సంఖ్య.

ఈ ఉదాహరణ చెప్పింది అమెరికా గొప్పదని కాదు. అక్కడ అమ్మకం ఓడిపోవడమూ అరుదే. కానీ అక్కడ ప్రశ్న వచ్చింది కౌంటీ బోర్డు బల్ల మీదికి. ఎన్నికైన సభ్యులు ఊరివాళ్ల ముందు కూర్చుని, వాళ్ల తిట్లు విని, పేరు పేరునా ఓటేయాల్సి వచ్చింది. పాలకొల్లు గురించి, బాపట్ల గురించి ఏ జిల్లా పరిషత్తు అలా ఓటేసింది? నిర్ణయం మంత్రివర్గంలో జరిగింది, జీవోగా వచ్చింది.

చట్టంలో మాత్రం ఇది స్థానిక విషయమే. రాజ్యాంగం 11వ షెడ్యూల్ పంచాయతీలకు ఇవ్వదగిన 29 అంశాలు చెప్పింది. వాటిలో 23వది ఆరోగ్యం, పారిశుధ్యం. ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, డిస్పెన్సరీలు అందులో భాగమని స్పష్టంగా రాసి ఉంది. 27వది బలహీన వర్గాల, ముఖ్యంగా ఎస్సీ, ఎస్టీల సంక్షేమం. మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు డిస్పెన్సరీలు నడిపేవి. 'లోకల్ ఫండ్ ఆసుపత్రి' అనే మాట పాత కాగితాల్లో ఇంకా కనిపిస్తుంది. తర్వాత అవి రాష్ట్రం చేతికి పోయాయి. 1986లో వైద్య విధాన పరిషత్ చట్టం తెచ్చి జిల్లా, ఏరియా ఆసుపత్రులను దాని కింద పెట్టారు. 73వ సవరణ తర్వాత కూడా అవి కిందికి రాలేదు. కేరళలో వచ్చాయి. అక్కడ 1990ల వికేంద్రీకరణలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గ్రామ పంచాయతీకి, సామాజిక ఆరోగ్య కేంద్రం బ్లాక్ పంచాయతీకి, జిల్లా ఆసుపత్రి జిల్లా పంచాయతీకి అప్పగించారు. కేరళలో జిల్లా ఆసుపత్రి గురించి ఇలాంటి మాట వస్తే జిల్లా పంచాయతీ నోరు విప్పక తప్పదు.

దళితుల వైపు నుంచి చూస్తే ఇందులో ఓ చేదు లెక్క ఉంది. 243డి అధికరణ వల్ల గ్రామ పంచాయతీ నుంచి జిల్లా పరిషత్తు దాకా జనాభా ప్రకారం మనకు స్థానాలు ఉన్నాయి. పామర్రు శాసనసభ స్థానం 2009 ఎన్నికల నుంచి ఎస్సీలకు రిజర్వు. మన సర్పంచులు, ఎంపీటీసీలు, జెడ్పీటీసీలు వందల్లో ఉన్నారు. మనవాళ్లు కూర్చున్న కుర్చీలున్న చోటికి ఆసుపత్రి నిర్ణయం రాదు. ఆసుపత్రి నిర్ణయం జరిగే చోట మన కుర్చీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. గ్రామసభలో మనకు మిగిలింది వీధిదీపాల మీద తీర్మానం. ఆ తీర్మానానికైనా విలువ ఉందా అంటే, చట్టరీత్యా ప్రభుత్వాన్ని కట్టేసే విలువ లేదు. కానీ రాతపూర్వకంగా ఉంటుంది, రేపు కోర్టులోనో ఎస్సీ కమిషన్ ముందో చూపించవచ్చు. 11వ షెడ్యూల్ 23, 27 అంశాలను పేర్కొంటూ ఎస్సీ సర్పంచులున్న పంచాయతీలు తీర్మానాలు చేసి కలెక్టర్‌కు పంపితే, ఈ చర్చలో స్థానిక సంస్థ గొంతు మొదటిసారి వినిపించినట్టు అవుతుంది.

డబ్బు లేదన్న వాదనను కొట్టిపారేయలేం. 17 కళాశాలలకు అనుకున్న ఖర్చు సుమారు 8,480 కోట్లు. గత ప్రభుత్వం చాలాచోట్ల పునాదులు, సగం గోడల దగ్గరే వదిలి వెళ్లింది. అధ్యాపకుల ఖాళీలు నింపకుండా కళాశాల తెరిస్తే చదువు ఎలా ఉంటుందో విద్యార్థులకు తెలుసు. ప్రైవేటు వచ్చాకైనా భవనం పూర్తవుతుందని ఆశపడే దళిత కుటుంబాలు కూడా ఉన్నాయి, వాళ్లను తప్పు పట్టను. వాళ్లతో మాట్లాడేటప్పుడు 'అమ్మేశారు' అన్న నినాదం పనిచేయదు. ఒప్పందంలో ఏముందో చదివి చెప్పాలి.

టెండర్ పత్రాలతో పాటు ముసాయిదా ఒప్పందం ఉంటుంది. విద్యార్థి సంఘాలు ముందుగా వెతకాల్సింది అందులో సీట్ల విభజన ఎక్కడ రాశారన్నది కాదు, అది అందరూ చూస్తారు. నర్సులు, టెక్నీషియన్ల నియామకంలో రోస్టర్ పాటించాలన్న షరతు ఉందా? మెడికో లీగల్ కేసులు చూసే డాక్టర్లు ప్రభుత్వ ఉద్యోగులుగానే ఉంటారా? గాయాల రిజిస్టర్, పోస్టుమార్టం రికార్డు ఎవరి కస్టడీలో ఉంటాయి? వైద్య సేవ బకాయిలు పేరుకుంటే రోగిని తిప్పి పంపకూడదని రాశారా? సంస్థను సమాచార హక్కు చట్టం కిందకు తెస్తూ ఒక క్లాజు చేర్చారా? ఎస్సీ ఉప ప్రణాళిక చట్టం 2013 కింద కేటాయించిన డబ్బు ఈ పది చోట్ల భూమికో, గోడలకో ఖర్చయి ఉంటే దాని లెక్క ఏమిటి? వీటిలో ఏదీ అసాధ్యమైన కోరిక కాదు. ఒప్పందంలో ఒక్కో వాక్యం చేర్చితే సరిపోతుంది. చేర్చనన్నారంటే ఎందుకు చేర్చనన్నారో అప్పుడు తెలుస్తుంది.

సంతకాలు అయ్యాక అడిగితే సమాచార హక్కు చట్టం 8(1)(డి) చూపించి వాణిజ్య గోప్యత అంటారు. పాలకొల్లు, బాపట్ల, అమలాపురం రెండో విడతలో ఉన్నాయి కాబట్టి ఈ మూడు చోట్ల దరఖాస్తులు ఇప్పుడే పడాలి. పామర్రు నుంచి పాలకొల్లు దాకా ఉన్న ఒకే రోడ్డు మీద ఎన్ని దళిత వాడలున్నాయో, ఎన్ని సంక్షేమ హాస్టళ్లున్నాయో ఆ దారిన తిరిగే విద్యార్థులకే బాగా తెలుసు. దరఖాస్తు ఫీజు పది రూపాయలు. గ్రామ పంచాయతీలో అడిగితే అదీ లేదు.